లద్దెలో మక్కలు మక్కల్లాగే పడుతుంటే

నిజామాబాద్ దగ్గరి ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. కొంచెం కుదించి ఇస్తున్నాను. మక్కలంటే మొక్కజొన్న గింజలు, లద్దె అంటే గుర్రం పేడ.

"అమ్మా, నమస్తే. మా దగ్గర తొమ్మిదేళ్ల ఆడగుర్రం ఉంది. రెండేళ్ల కింద కొన్నాను. పెళ్లిళ్ల సీజన్‌లో బరాత్‌లకు తీసుకెళ్తాను, మిగతా రోజులు ఇంటి దగ్గరే కట్టేసి ఉంటుంది. పొద్దున రెండున్నర కిలోలు, సాయంత్రం రెండున్నర కిలోలు దాణా పెడుతున్నాను. పూటకు రెండు కిలోలు మక్కలు, అర కిలో నానబెట్టిన శనగలు, పైన రెండు పిడికిళ్లు గోధుమ పొట్టు. పొలం గట్టు మీద సూపర్ నేపియర్ గడ్డి ఉంది, అది కోసి వేస్తాను. ఇంత పెట్టినా పక్కటెముకలు కనిపిస్తున్నాయి, లద్దెలో మక్కలు మక్కల్లాగే పడుతున్నాయి. పోయిన నెల బరాత్ నుంచి రాత్రి ఒంటిగంటకు వచ్చాక, పాపం అలసిపోయిందని మామూలు కన్నా ఎక్కువే పెట్టాను. తెల్లారేసరికి కడుపునొప్పితో నేలమీద పొర్లింది, డాక్టరు వచ్చి సూది వేస్తే గానీ తగ్గలేదు. గిర్నిలో పిండి పట్టించమని ఒకరు, ఉడకబెట్టమని ఒకరు, మొలకలు కట్టమని ఒకరు చెప్తున్నారు. ఎవరి మాట వినాలి?"

నాయనా, నువ్వు అమ్మా అన్నావు, మా అబ్బాయి వయసే ఉంటుంది నీకు, అందుకే నువ్వు అనే రాస్తున్నాను. ముగ్గురి మాటల్లోనూ ఉడకబెట్టమన్నవాళ్ల మాట మంచిది. కానీ ముందు అయిదు కిలోల గింజను కిలోన్నరకు దించాలి, గడ్డి పెంచాలి, గుర్రం పళ్లు చూపించాలి. ఈ మూడూ చేయకుండా గింజను ఎంత బాగా వండినా ఆ పక్కటెముకలు నిండవు.

ఎందుకో చెప్తాను. గుర్రం ఒళ్లు చూస్తే పెద్దది గానీ దాని పొట్ట చాలా చిన్నది, పెద్ద గుర్రానికైనా 15 లీటర్లకు మించి పట్టదు. ఆవులాగా నెమరు వేయదు, మనలాగా వాంతి చేసుకోలేదు, తిన్నది ఏదైనా ముందుకు పోవాల్సిందే. గింజలో ఉండే పిండి పదార్థం చిన్నపేగులో జీర్ణం కావాలి, అక్కడ మేత నిలిచేది కొద్ది గంటలే. ఆ లోపల జీర్ణం కానిదంతా పెద్దపేగులోకి జారుతుంది. పెద్దపేగులో ఉండే సూక్ష్మజీవులు గడ్డిలోని పీచును పులియబెట్టి గుర్రానికి శక్తి ఇస్తాయి, వాటి తిండి అది. వాటి మధ్యకు ఒక్కసారిగా కిలో పిండి పదార్థం వచ్చి పడితే, మే నెలలో దోసెల పిండి బయట మర్చిపోతే గిన్నె దాటి పొంగి పుల్లబడుతుందే, అలా అవుతుంది లోపల. గ్యాస్ పడుతుంది, ఆమ్లం పెరుగుతుంది, మంచి సూక్ష్మజీవులు చచ్చి విషాలు రక్తంలో కలుస్తాయి. కడుపునొప్పితో సరిపోతే అదృష్టమే. అదే విషం డెక్కల దాకా దిగితే లోపలి పొరలు వాచి గుర్రం అడుగు తీసి అడుగు వేయలేదు, కొన్ని మళ్లీ ఎప్పటికీ బరువు మోయలేవు.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. ముందు గుర్రం బరువు తెలియాలి, కాటా అక్కర్లేదు, దర్జీ టేపు చాలు. మూపు వెనక నుంచి ముందుకాళ్ల వెనకగా ఛాతీ చుట్టుకొలత తీసుకో. భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరి ఎముక దాకా పొడవు తీసుకో. రెండూ సెంటీమీటర్లలోనే. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే ఇంచుమించు కిలోల్లో బరువు వస్తుంది. చుట్టుకొలత 165, పొడవు 150 అనుకో, దాదాపు 345 కిలోలు. మన దగ్గర బరాత్‌లకు తిరిగే గుర్రాలు చాలావరకు ఈ అందాజులోనే ఉంటాయి కాబట్టి ఆ లెక్కతోనే చెప్తాను, నువ్వు కొలిచాక సవరించుకో.

ఒక పూటలో పిండి పదార్థం గుర్రం బరువు కిలోకు ఒక గ్రాము లోపు ఉంటే నిశ్చింత, రెండు గ్రాములు దాటితే ప్రమాదం. అంటే నీ గుర్రానికి పూటకు 345 గ్రాములు మంచిది, 690 దాటకూడదు. రెండు కిలోల మక్కల్లో ఉండే పిండి పదార్థం ఒక్కటే సుమారు 1,300 గ్రాములు. శనగలు దాని మీద అదనం. ఆ బరాత్ రాత్రి నువ్వు ఇంకా ఎక్కువ పెట్టావు. ప్రేమతోనే పెట్టావు, నిన్ను తప్పుపట్టడానికి రాయడం లేదు. కానీ ఆ నొప్పి ఎక్కడి నుంచి వచ్చిందో నీకు స్పష్టంగా తెలియాలి.

పైగా మక్కలు అన్ని గింజల్లోకీ గట్టి పిండం. పచ్చివి అలాగే పెడితే వాటి పిండి పదార్థంలో చిన్నపేగులో జీర్ణమయ్యేది మూడో వంతుకు అటూ ఇటూ. నాలుగు ముక్కలుగా పగలగొట్టినా పెద్ద తేడా రాదు. మెత్తగా పిండి పట్టిస్తే సగం దాకా వస్తుంది. పేలాల్లా పేలిస్తే మాత్రం తొంభై శాతం దాకా అరుగుతుంది, ఎందుకంటే వేడికి ఆ గట్టి పిండి విచ్చుకుంటుంది. గింజకు కావాల్సింది వేడీ నీళ్లూ అని దీన్నిబట్టే తెలుస్తుంది. పిండి పట్టించి పెట్టమన్నవాళ్ల మాట నేను వద్దనేది అందుకే: వచ్చే లాభం సగమే, ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది, తడిపితే ముద్దై గొంతుకు అడ్డం పడుతుంది. వెనకటి రోజుల్లో గుర్రాలు అలా గొంతు పట్టేసి, మేత కలిసిన చొంగ ముక్కులోంచి కారుతూ మెడ చాపి నిలబడటం నేను కళ్లారా చూశాను.

లద్దె సంగతి. రేపు పొద్దున ఒక దోసెడు లద్దె తీసి పాత జల్లెడలో వేసి నీళ్లు పోసి కడుగు. మిగిలిన గింజల్ని ఒక్కొక్కటి వేళ్ల మధ్య నొక్కి చూడు. ఉత్తి పొట్టు మాత్రమే అయితే భయం లేదు, లోపలిది గుర్రానికి అందింది, పీచు బయటకొచ్చింది. నొక్కితే గట్టిగా ఉండి, గోటితో విరిస్తే తెల్లటి పిండి కనిపిస్తే అది నమలకుండా మింగిన గింజ. నువ్వు రాసినదాన్ని బట్టి రెండోదే అయి ఉంటుందని నా అనుమానం. అలా అయితే రెండు కారణాలు: ఆబగా మింగడం, లేదా పళ్లు.

పళ్లు ముఖ్యం. గుర్రానికి పై దవడ వెడల్పు, కింది దవడ ఇరుకు, అందుకని నమిలే కొద్దీ పై పళ్లకు బుగ్గవైపు, కింది పళ్లకు నాలుకవైపు కత్తి అంచుల్లా మొనలు తేలతాయి. అవి బుగ్గనీ నాలుకనీ కోస్తుంటే ఏ జంతువు మాత్రం నములుతుంది? గడ్డి నమిలి ఉండలు కట్టి కింద పడేస్తోందా, తల ఒకవైపు వంచి తింటోందా, కళ్లెం పెట్టేటప్పుడు విసురుతోందా చూడు. గుర్రాలు చూసే పశువైద్యుడి చేత ఆకురాయి పట్టించి ఆ మొనలు రాయించాలి, ఏడాదికి ఒకసారైనా. ఆయన వచ్చినప్పుడే లద్దె పరీక్ష చేయించి నట్టల మందు సంగతి కూడా అడుగు, సన్నబడటానికి అదీ ఒక కారణమే. ఆబగా తినేదైతే తొట్టిలో పిడికిలి కన్నా పెద్దవి, నున్నటి ఏటి రాళ్లు మూడు నాలుగు వెయ్యి. వాటిని మూతితో పక్కకు తోసుకుంటూ గింజలు ఏరుకోవాలి కాబట్టి నెమ్మదిస్తుంది.

ఇక ఉలవలు. నీ దాణాలో ఉలవలు లేకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. ఇంగ్లిష్ వాళ్లు వాటికి హార్స్ గ్రామ్ అని పేరు పెట్టిందే మన దక్షిణాదిలో గుర్రాలకు పెట్టడం చూసి. ఉత్తరాదిన గుర్రాలకు శనగలు ఎలాగో, అప్పటి మద్రాసు రాష్ట్రంలో ఉడికించిన ఉలవలు అలాగ. మా నాన్నగారు తెనాలిలో జట్కా తోలేవారు. రాత్రి పడుకోబోయే ముందు ఉలవల్ని చేటలో చెరిగి, రాళ్లు ఏరి, ఇనప బొక్కెనలో నానబోసేవారు. తెల్లవారుజామున ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టేవారు. ఒక గింజ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే మెత్తగా విడిపోవాలి, మధ్యలో బిరుసు తగిలితే ఇంకా ఉడకాలన్నమాట. అప్పుడు కట్టు వార్చి, గుగ్గిళ్లు గోనెపట్టా మీద పరిచి, చల్లారాయో లేదో చూడటానికి పైన ముట్టుకునేవారు కాదు, కుప్పలోకి మణికట్టు దాకా చెయ్యి దూర్చేవారు. పైన చల్లగా ఉన్నా అడుగున సెగ ఉంటుంది, గుర్రం మూతి పెడితే కాలుతుంది. ఆ కట్టులో కొంత మా అమ్మ చారుకు తీసుకునేది, మిగతాది గుర్రం దాణాలోనే కలిపేవాళ్లం.

ఆ ఉడికించడంలో అర్థం ఉంది. పచ్చి ఉలవల్లోనూ శనగల్లోనూ మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డుకునే పదార్థాలు కొన్ని ఉంటాయి, ఉడికితే అవి చాలావరకు పోతాయి. ఉలవల్లో మాంసకృత్తులు 20 శాతం పైనే, పిండి పదార్థం మక్కల కన్నా తక్కువ. వట్టిగా నానబెడితే గింజ మెత్తబడుతుంది, నమలడం తేలిక అవుతుంది, లోపలి పిండి మాత్రం విచ్చుకోదు. అందుకని శనగలైనా ఉలవలైనా నానబెట్టి ఉడికించి పెట్టు. తూకం మాత్రం ఎండు గింజకే వెయ్యి, ఉడికాక రెట్టింపు దాటుతుంది కాబట్టి డబ్బాతో కొలిస్తే మోసపోతావు. మక్కలకూ ఓట్స్‌కూ కూడా ఇదే మాట, ఒకే డబ్బా నిండా మక్కలు పోస్తే ఓట్స్ కన్నా ఎంతో ఎక్కువ బరువు తూగుతాయి.

మిగతా గింజల గురించి గబగబా చెప్తాను. పొట్టు తీయని ఓట్స్ దొరికితే, పళ్లు బాగున్న గుర్రానికి అలాగే పెట్టవచ్చు, గుర్రానికి వండకుండా పనికొచ్చే గింజ అదొక్కటే. బార్లీ ఉడికించాలి. జొన్న చిన్న గింజ, పంటి కింద పడకుండా జారిపోతుంది, అందుకని గిర్నిలో లావు రవ్వగా ఆడించి ఉడికించు. రాగులు మరీ చిన్నవి, జావ కాచి దాణాలో కలుపుకోవచ్చు, క్యాల్షియం ఎక్కువ ఉన్న గింజ అది. గోధుమలు వద్దు, కడుపులో జిగురు ముద్ద అవుతాయి. ఫంక్షన్ హాల్లో మిగిలిన అన్నం, పులిహోర, లడ్డూలు కూడా వద్దు. బరాత్‌లో పెళ్లివాళ్లు ముచ్చటపడి నోట్లో పెట్టబోతారు, వద్దని గట్టిగా చెప్పు, ఒక క్యారెట్ ముక్క నీ జేబులో పెట్టుకెళ్లి అది ఇమ్మను. నిలువుగా పొడుగ్గా కోసినది, గుండ్రంగా కోస్తే గొంతుకు అడ్డం పడుతుంది.

మొలకలు చెడ్డవి కావు. కానీ కిలో గింజను మొలకెత్తిస్తే బరువు పెరిగేది నీళ్ల వల్లే, అసలు సరుకు ఇంకాస్త తగ్గుతుంది. తడిబట్టలో రెండో రోజుకే బూజు పడితే గుర్రానికి ప్రాణం మీదికి వస్తుంది. ఆ కష్టం నీకు అనవసరం. నానబెట్టినా ఉడికించినా ఎండాకాలంలో పొద్దున వండింది సాయంత్రానికి పుల్లబడుతుంది, వాసన చూడకుండా రెండో పూట పెట్టకు.

గోధుమ పొట్టు గురించి జాగ్రత్తగా విను, నేపియర్ గురించి కూడా. రాగుల్లాంటివి తప్పిస్తే గింజల్లో భాస్వరం ఎక్కువ, క్యాల్షియం తక్కువ. పొట్టులో భాస్వరం క్యాల్షియం కన్నా ఇంచుమించు పది రెట్లు. ఇక నేపియర్ రకాల్లో ఆక్సలేట్లు ఉంటాయి, అవి ఉన్న కాస్త క్యాల్షియంను కూడా పట్టేసుకుంటాయి. ఆవు, గేదె కడుపులోని సూక్ష్మజీవులు ఆక్సలేట్లను విరగ్గొట్టుకుంటాయి కాబట్టి పాడి రైతులకు అది బంగారం, గుర్రానికి ఆ సౌకర్యం లేదు. పొట్టూ గింజలూ నేపియరూ మూడూ నెలల తరబడి కలిస్తే శరీరం ఎముకల్లోంచి క్యాల్షియం లాగుతుంది, కుంటు మొదలవుతుంది, ముదిరితే ముఖం ఎముకలు ఉబ్బి తల పెద్దదవుతుంది. వెనకట మిల్లుల్లో పొట్టు తిని బతికే గుర్రాలకు వచ్చేది ఈ జబ్బే. నువ్వు పొట్టు మానెయ్యి, నేపియర్‌ను రోజుకో చిన్న మోపుకు తగ్గించు, గరికా ఎండు గడ్డీ ప్రధానం చెయ్యి, రోజూ కొంచెం లూసర్న్ అనే పప్పుజాతి మేత చేర్చు. పశువుల దాణాలో కలిపే క్యాల్షియం కార్బొనేట్ పొడి రోజుకు 30 గ్రాములు దాణాలో వెయ్యి, ఎంతకాలమో మీ డాక్టరును అడుగు. తాంబూలం సున్నం మాత్రం పొరపాటున కూడా వాడకు, నోరూ కడుపూ కాలిపోతాయి.

గడ్డి లెక్క ఇదీ. 345 కిలోల గుర్రానికి ఎండు గడ్డి రోజుకు ఆరేడు కిలోలు కావాలి, రాత్రిపూట కూడా దాని ముందు ఏదో ఒకటి ఉండాలి. కిలో ఎండు గడ్డి నమలడానికి గుర్రానికి ఇంచుమించు 40 నిమిషాలు పడుతుంది, కిలో గింజలు పది నిమిషాల్లో అయిపోతాయి. నమిలినంతసేపూ లాలాజలం ఊరి కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది. గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది మరి. జొన్న చొప్ప బాగా ఎండింది పర్వాలేదు, లేత జొన్న మాత్రం మేపకు, విషం. వరిగడ్డి మీద బతికించకు, అందులో బలం లేదు.

దాణా కిలోన్నర ఎలా అంటే: ఉలవలు అర కిలో, బార్లీ గానీ జొన్నరవ్వ గానీ 700 గ్రాములు, మక్కలు ఇంట్లో ఉన్నాయి కదా, వాటిని పగలగొట్టి ఉడికించి 300 గ్రాములు. అన్నీ ఎండు తూకమే. దీన్ని మూడు పూటలుగా పంచు. రెండు చెంచాల ఉప్పు రోజూ, బాగా చెమట పట్టిన రోజు ఇంకొంచెం, నీళ్లు ఎప్పుడూ నిండుగా. ఒళ్లు నిండటానికి నూనె మంచిది: వేరుశనగ నూనెగానీ తవుడు నూనెగానీ రోజుకు 25 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో 100 దాకా వెళ్లు. నూనెలో పిండి పదార్థం లేదు, పెద్దపేగును ఇబ్బంది పెట్టదు. మార్పు ఒక్కరోజులో చేయకు. మక్కలు ఈరోజే సగం చెయ్యి, అది ఆగాల్సిన పని కాదు. కొత్త గింజను మాత్రం రెండు వారాల్లో పిడికిలి పిడికిలిగా పెంచు.

బూజు గురించి ఒక్క మాట, ఇది నిజంగా ప్రాణాంతకం కాబట్టి. కల్లంలో వానకు తడిసిన మక్కలు చవగ్గా వస్తాయని తీసుకోకు. వాటిలో పెరిగే ఒక రకం బూజు విషం గుర్రం మెదడును కరిగించేస్తుంది, చికిత్స లేదు. ఉడికించినా ఆ విషం పోదు. విరిగిన ముక్కల్లో, దుమ్ములో ఎక్కువ ఉంటుంది కాబట్టి గింజలు ఇంటికి తెచ్చాక జల్లెడ పట్టి, అడుగున దిగినది పారెయ్యి. అలాగే కోళ్ల దాణా పక్కింట్లో ఉంది కదా అని ఒక్క గుప్పెడు కూడా కలపకు. అందులో కోళ్ల జబ్బు రాకుండా వేసే మోనెన్సిన్ అనే మందు ఉండొచ్చు, అది కోడికి మేలు చేస్తుంది గానీ గుర్రం గుండెను ఆపేస్తుంది.

బరాత్ రోజు: బయల్దేరే రెండు గంటల ముందు గింజ ఆపు, గడ్డి కొంచెం తిననివ్వు. తిరిగి వచ్చాక నడిపించి చల్లబరిచి, నీళ్లు పెట్టి, గడ్డి వెయ్యి. గంట తర్వాత మామూలు పూట దాణా, అంతే, ఎక్కువ వద్దు. మర్నాడు సెలవైతే గింజ సగం. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అంటారు మనవాళ్లు, చాలా ఇళ్లల్లో జరిగేదీ అదే, పని లేకపోయినా దాణా మాత్రం తగ్గదు. ఆషాఢం రాగానే ముహూర్తాలు ఆగిపోతాయి, గుర్రం నెల పొడుగునా కట్టుకొయ్య దగ్గరే, తొట్టిలో మాత్రం సీజన్ దాణా. డెక్కలు దెబ్బతినేదీ, మళ్లీ పనికి తీసిన మొదటి రోజున కండరాలు పట్టేసి కదలలేకపోయేదీ ఇలాంటప్పుడే. ఆషాఢానికి పది రోజుల ముందు నుంచే గింజ తగ్గిస్తూ వచ్చి, ఆ నెలంతా గడ్డీ ఉప్పూ క్యాల్షియమూ ఒక గుప్పెడు గుగ్గిళ్లూ చాలనుకో, రోజూ ఒక గంట నడిపించు. శ్రావణంలో పని మొదలయ్యాక మళ్లీ మెల్లగా పెంచు.

మళ్లీ నొప్పి వస్తే, అంటే కడుపు వైపు తిరిగి తిరిగి చూసుకోవడం, కాలితో నేల తవ్వడం, పొర్లడం, లద్దె వేయకపోవడం, వెంటనే మేత తీసేసి డాక్టరును పిలువు. నోట్లో నూనె పోయకు, ఊపిరితిత్తుల్లోకి పోతే నొప్పి కన్నా అదే ముందు చంపుతుంది. డెక్కలు ముట్టుకుంటే వేడిగా ఉండి, ముందుకాళ్లు చాపి బరువంతా వెనక్కు వేసి నిలబడితే అది కూడా తెల్లారేదాకా ఆగే పని కాదు.

టేపు కొలతలు ఈరోజు ఒక కాగితం మీద రాసిపెట్టుకో, నెల తర్వాత అదే చోట మళ్లీ కొలువు. వారానికోసారి లద్దె జల్లెడలో కడిగి ఎన్ని గింజలు గట్టిగా తగిలాయో కూడా రాయి. పళ్లు రాయించాక ఆ లెక్క ఎంత తగ్గిందో నాకు తప్పకుండా ఉత్తరం రాయి, చూస్తుంటాను.